ఇరవై యంత్రాలు... ఎవరికి?

నాలుగు గంటలు. ఒక రోగికి ఒకసారి డయాలసిస్ చేయడానికి పట్టే సమయమది. ఆ తర్వాత యంత్రాన్ని శుభ్రం చేయడానికి మరో రెండు గంటలు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో, అడింగ్టన్ ప్రభుత్వాసుపత్రిలో 1997 నాటికి అలాంటి యంత్రాలు 20 ఉండేవి. వాటిలోనూ కొన్ని పాతబడినవే! బయటేమో రోగుల వరస తరిగేది కాదు.

మరి, ఎవరికివ్వాలి?

ఆసుపత్రి వారు ఓ నియమం పెట్టుకున్నారు. కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిని, డయాలసిస్‌తో కోలుకునే వారికి మొదటి చోటు. దీర్ఘకాలిక రోగులైతే కిడ్నీ మార్పిడికి అర్హులకే. గుండెజబ్బులాంటివి ఉంటే మార్పిడి కుదరదు. అంటే... డయాలసిస్ కూడా లేనట్టే.

ఆ గీతకు అవతల ఓ మనిషి మిగిలిపోయాడు. వయసు 41. ఉద్యోగం లేదు. మధుమేహం, గుండెజబ్బు. 1996లో పక్షవాతం వచ్చింది. అదే ఏడాది కిడ్నీలూ పాడయ్యాయి. ఉన్న డబ్బంతా పెట్టి ప్రైవేటులో డయాలసిస్ చేయించుకున్నాడు. డబ్బు అయిపోయింది. జబ్బు మిగిలింది. కోర్టు మెట్లెక్కాడు.

అక్కడి కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1997లోనే. జీవించే హక్కు అందులో ఉంది. అత్యవసర వైద్యం ఎవరికీ నిరాకరించకూడదనీ ఉంది. విచారణలో మన సుప్రీంకోర్టు ప్రస్తావనా వచ్చింది. 1992లో పశ్చిమబెంగాల్‌లో రైల్లోంచి పడ్డ ఓ కూలీని సర్కారు ఆసుపత్రులు వరసగా తిప్పిపంపాయి. అది జీవించే హక్కును కాలరాయడమేనంటూ 1996లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

అయితే 1997 నవంబరు 27న దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ఆ పోలికను ఒప్పుకోలేదు. అది హఠాత్తుగా వచ్చిపడిన ఆపద. ఇది వారానికి రెండు మూడుసార్లు, బతికినన్నాళ్లూ చేయాల్సిన వైద్యం. ఒక్కరికి ఏడాదికి దాదాపు 60 వేల రాండ్లు. ఉన్న నిధుల్లోంచే అందరికీ ఇవ్వాలంటే మిగతా రోగుల మాటేమిటి? వైద్యులు సదుద్దేశంతో, సహేతుకంగా నిర్ణయిస్తే తాము కాదనలేమంది కోర్టు. ఈయన ధనవంతుడైతే వైద్యం కొనుక్కోగలిగేవాడన్న చేదు నిజాన్ని మాత్రం తీర్పు రాసిన ఆర్థర్ చస్కాల్సన్ దాచలేదు.

తీర్పు వచ్చిన కొద్దిరోజులకే ఆ రోగి కన్నుమూశాడు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు చూసిన ఏ ఇంటికైనా ఇది దూరదేశపు కథనిపించదు. ఆ నియమం క్రూరమా? ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పెట్టుకున్న నియమం పైకి తెలిసింది కాబట్టే ఆయన కోర్టులో నిలదీయగలిగాడు. నియమమే లేనిచోట సిఫారసు ఉత్తరం నెగ్గుతుంది. దాన్ని ఎవరు నిలదీస్తారు?

ఇంకో సంగతి. ఎవరిని ఎక్కించాలో తేల్చింది వైద్యులు. సరేనంది న్యాయమూర్తులు. కానీ యంత్రాలు ఇరవయ్యే ఎందుకున్నాయో చెప్పాల్సింది వాళ్లు కాదు... బడ్జెట్ రాసినవాళ్లు!