దరోజి గుట్టలలో

బళ్ళారి ప్రాంతంలో తరతరాలుగా కాపురముంటున్న మన తెలుగువారిలో హంపి చూడనివారు ఉండరు. ఆ హంపికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం చూచినవారు మాత్రం తక్కువ. మొన్నటి మాఘమాసం వరకు నేనూ చూడనివాడినే. పోయినదీ విహారానికి కాదు, ఒక ఇంటి తగవు తీర్చడానికి.

మా బావగారికి కమలాపురం వైపు, అభయారణ్యానికి కొంత దూరంగా, నాలుగెకరాల మెట్టచేను, దానిని ఆనుకొని ఒక రాతిగుట్ట ఉన్నవి. వేరుసెనగ వేస్తే ఎలుగులు రాత్రిపూట వచ్చి త్రవ్వి తింటున్నవి. ఇంతలో కంకర మిషనువారెవరో గుట్టకు మంచి ధర చెప్పినారు. గుట్ట పోతే ఎలుగుల పీడ వదులుతుంది, పిల్ల పెండ్లి ఖర్చూ వెళ్ళిపోతుంది అని బావగారి లెక్క. ఆ పిల్ల, అనగా మా మేనకోడలు, అడవి జంతువుల మీద పరిశోధన చేస్తున్నది. అమ్మనే అమ్మవద్దంటుంది. మధ్యవర్తిని నేను.

మధ్యాహ్నం ముగ్గురమూ దరోజి మంచె ఎక్కినాము. 1994లో దీనిని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు విస్తీర్ణం సుమారు 56 చదరపు కిలోమీటర్లు. తర్వాత పెంచగా 82 దాటినది. ఎదుట కరడికల్లు గుట్ట. కన్నడంలో కరడి అంటే ఎలుగే. అటవీశాఖవారు బండలకు బెల్లపు పాకం పూసి పోతారు. ఎండ వాలినాక ఒక ఎలుగు దిగింది. తర్వాత ఒక తల్లి, వీపుమీద రెండు కూనలతో. “మన కాయలు తిన్నది ఇదేనేమో” అని బావగారు గొణిగినారు గాని, కన్ను మాత్రం త్రిప్పలేదు.

“మామా, ఇక్కడ చూచి ఎలుగుకు ఇష్టమైన చోటు ఇదేనని అనుకోవద్దు. బెల్లం పెడితే మా చిన్నాన్న కూడా వస్తాడు” అన్నది మేనకోడలు.

ఆ మాట మీదనే అసలు పాఠం మొదలైనది. జంతువు చోటు ఎంచుకోవడంలో నాలుగు మెట్లున్నవని 1980లో జాన్సన్ అనే శాస్త్రజ్ఞుడు వ్రాసినాడట. మనం మొదట ఊరు, తర్వాత వీధి, తర్వాత ఇంట్లో మనకు నచ్చిన మూల, చివరకు విస్తట్లో ఏది ముందు తినాలో చూచుకున్నట్లే. ఎలుగు జాతికి భారత ఉపఖండమే ఊరు. అందులో ఒక్కొక్క ఎలుగు తిరిగే మేర దాని వీధి. ఆ మేరలో పగటి ఎండకు బండల సందు, రాత్రికి పొదలు. విస్తట్లో చెదలు, చీమలు, రేగుపండ్లు. చెదలను పీల్చడానికి వీలుగా దీనికి పైవరుస ముందుపళ్ళు రెండు ఉండవట!

ఇక లెక్క. ఎలుగు జాడ కనబడిన చోట్లు కొన్ని, అదే ప్రాంతంలో చీటీలు తీసినట్లు ఏరిన చోట్లు కొన్ని తీసుకుంటారు. ప్రతి చోటునుండీ బండలు ఎంత దూరం, నీరెంత దూరం, పొద ఎంత దట్టం, చేను, రోడ్డు ఎంత దగ్గర అని కొలుస్తారు. ఊరికే దొరికేదానికంటె ఎలుగు దేనిని ఎక్కువగా వాడుకుంటున్నదో అప్పుడు తేలుతుంది. అయితే జాడ కనబడలేదని ఎలుగు లేదనరాదు. వాన వస్తే పెంట కరిగిపోతుంది, బండమీద అడుగు పడదు. అందుకని ఒకే దారిని పలుమార్లు నడిచి, ఉన్నా కనబడకపోయే అవకాశం ఎంతో కూడా లెక్క కట్టాలి. 2002లో మెకెంజీ, ఆయన తోటివారు ఈ పద్ధతికి దారి వేసినారు.

మన సరిహద్దుల సంగతి ఈ లెక్కలో ఎక్కడా రాదు. 1953లో గీత గీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, మనల్ని మైసూరుకు పంచినారు. 2021లో మరొక గీతతో కమలాపురం విజయనగర జిల్లాలోకి పోయినది. ఎలుగు వెదకేది బండల వరుసను, పొదల వరుసను. మనం బంజరని వ్రాసుకున్న నేలే దాని కాపురం.

మరునాడు తెల్లవారి బావగారి గుట్ట ఎక్కినాము. రేగు గింజలతో నిండిన పెంట, పగిలిన చెదపుట్ట, రెండు గుండ్ల మధ్య చల్లని సందు కనబడినవి. అంతకుముందు రెండుసార్లు ఎక్కితే ఆ పిల్లకు ఏమీ కనబడలేదట.

“ఎలుగుకు ఇల్లు సరే, నా కాయలకెవరు జవాబు?” అన్నారు బావగారు. ఆ మాటలో తప్పు లేదు. పుట్టని ఎలుగు లెక్కలు వేసేవారు పుట్టిన నష్టం మాట ఎత్తకపోతే రైతు ఎందుకు వింటాడు?

“గుట్ట పగిలితే ఎలుగు చావదు నాయనా. పగలు పడుకోను చోటు లేక చెరకుతోటలోనో, అరటితోటలోనో దూరుతుంది. అప్పుడు కోతకు పోయిన ఆడవాళ్ళకు ఎదురుపడుతుంది” అన్నది ఆ పిల్ల.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. మా అక్క ప్రతి ఏడూ ఆ అరటితోటలకు కూలివాళ్ళను వెంటబెట్టుకొని పోతుంది.

సోమవారం బయానా ఇవ్వడానికి వస్తామన్న కంకరవారిని ఉగాది తర్వాత రమ్మని కబురు పంపినారు. గుట్ట ప్రక్కన రెండు మళ్ళలో ఈ ఏడు వేరుసెనగ మాని ఆముదం వేస్తారట. పెండ్లి ఖర్చు సంగతి అడిగితే, పిల్ల నవ్వి, “పరిశోధన ముగియనీ మామా” అన్నది. బావగారు నవ్వలేదు.