మగ్గం దారం, మైనం తీగ

ఏంది చెల్లె, గా నెమలి మెడ మల్ల ఇప్పేసినవా? పొద్దుగాల బట్టలు ఆరేసుకుంట గోడ మీదికెల్లి చూసిన, ఆకుపచ్చ దారంతోని మస్తు కుదిరింది. జర వంపు ఎక్కువైనట్టుండె గని, గా వంపుతోనే నెమలికి పాణం వచ్చింది. ఇప్పుడు ఫ్రేము మీద ఉత్త గుడ్డ కనబడ్తున్నది.

"ఫోన్ల ఇంకో డిజైను కనబడ్డది అక్కా, అదే మంచిగుంటదేమో అనిపించింది" అంటవా? రేపు ఇంకోటి కనబడ్తది, మాపటికి మరోటి. ఇన్నేండ్ల సంది ఆరి సూది పట్టినవ్, మన వాడల పెండ్లి జాకెట్లు చాలామట్టుకు నీ చేతి మీదికెల్లే పోతున్నయి. ఏ రంగు పక్కన ఏది పడాల్నో నీ చేతికి తెల్వదా?

జైనూరు దిక్కు ఉషేగాం ఉన్నది గదా, కేస్లాగూడ ఉన్నది. ఆడ ఓజాలనే చేతిపనోళ్లు ఇత్తడి బొమ్మలు పోస్తరు. డోక్రా అంటరు. 2018ల ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది. గోండుల దేవతలకు కావాల్సిన గంటలు, దీపాలు, మూర్తులు తరతరాల సంది వీళ్ల చేతులకెల్లే వస్తున్నయి. గా పని ఎట్ల జరుగుతదో తెలిస్తే నువ్వు గిట్ల ఇప్పుకుంట కూసోవు.

ముందుగాల మన్నుతోని లోపలి ముద్ద చేసి ఆరబెడ్తరు. దాని మీద తేనెమైనం సన్నటి తీగలు చేసి, ఒక్కొక్కటే పక్కపక్కకు చుట్టుకుంట పోతరు. ఏనుగు మీద పరిచే గుడ్డ, నెమలి ఈకలు, దేవత మెడల గొలుసు, అన్నీ గా తీగలే. దాని మీద మల్ల మన్ను మెత్తి, దారి ఒకటి ఇడ్సి కాలుస్తరు. మైనం కరిగి పోతది. మైనం ఉన్న జాగ ఉత్తదైతది గదా, గా జాగలకు కరిగిన ఇత్తడి పోస్తరు. సల్లారినంక పై మన్ను పగులగొడ్తరు. అచ్చు మల్ల పనికి రాదు. అందుకే ఒక్కలెక్క రెండు బొమ్మలుండయి. మొహెంజొదారోల దొరికిన నాట్యగత్తె కంచు బొమ్మ గూడ గిదే పద్ధతిల పోసిందే, నాలుగు వేల ఏండ్లకు పైమాటే.

గిప్పుడు చూడు. మైనం తీగ పెట్టేటప్పుడు వేలు ఏడ ఒత్తితే గా ఒత్తుడు అట్లనే ఇత్తడిల నిలుస్తది. ఒక్క తీగను పదిమాట్ల తీసి పెడితే దాని గుండ్రం పోతది, అంచు చదునైతది, బొమ్మ బిగుసుకపోతది. గట్లని వాళ్లు ఆలోచించరనుకోకు. మన్ను ఎంత మందం ఉండాలె, ఎంత ఆరాలె, ఇత్తడి పోయే దారి ఏడ పెట్టాలె, గివన్నీ కొలిచి చూసుకునే పనులు. తడి ఉండంగ కాలిస్తే అచ్చు పగులుతది, పడ్డ కష్టమంతా మంట పాలైతది. ఆడ బుర్ర పెడ్తరు. తీగ చుట్టేకాడ మాత్రం చేతిని దాని తొవ్వన దాన్ని పోనిస్తరు. ఏడ ఆలోచించాలె, ఏడ ఆపాలె అన్నది తెల్వడమే గా పనిల అసలు నేర్పని నాకనిపిస్తది.

నీకూ గంతే. చీర రంగు, మెడ కొలత, జాకెట్టు ఎన్నడు ఇయ్యాలె, గివి కూసొని మంచిగ ఆలోచించు. ఒక్కసారి సూది దిగినంక మల్ల అడుగుడు బంద్ పెట్టు. కొత్తగ నేర్చుకునే పిల్లలకు గిది చెప్ప. వాళ్ల చేతికి ఇంకా ఏం తెల్వదు, చూసుకోవాలె, ఇప్పాలె, మల్ల కుట్టాలె. నువ్వు గా దశ దాటి ఎన్నడో అయింది.

నేను ఒక ప్రయోగం గురించి చదివిన చెల్లె. 1993ల అచ్చయింది. టిమోతీ విల్సన్ అని అమెరికాల మనసు గురించి చదివిన పంతులు. ఆయన, ఆయన తోటోళ్లు కాలేజీ పిల్లలకు గోడకు అంటించుకునే బొమ్మలు చూపెట్టి నచ్చింది తీస్కపొమ్మన్నరు. వాన్‌గో లాంటోళ్ల చిత్రాలు కొన్ని, నవ్వు పుట్టించేటియి కొన్ని. సగం మందిని మాత్రం ఎందుకు నచ్చింది, ఎందుకు నచ్చలేదు అని ముందుగాల రాయుమన్నరు. రాయనోళ్ల కంటే రాసినోళ్లల్లనే ఎక్కువమంది నవ్వు బొమ్మల దిక్కు మొగ్గిన్రు. కొన్ని వారాలైనంక ఫోన్ చేసి అడిగితే, కారణాలు రాసి తీస్కపోయినోళ్లకే తృప్తి తక్కువున్నది. ఎందుకంటే నవ్వు బొమ్మకు కారణం చెప్పుడు అల్కగ ఉంటది. రంగుల పొందిక ఎందుకు మంచిగున్నదో మాటలకు దొరకది. మాటకు దొరికిన దాన్నే పట్టుకొని అసలు నచ్చినదాన్ని ఇడ్సిపెట్టిన్రు. నీ నెమలి వంపు గూడ మాటకు దొరకనిదే. ఫోన్ల డిజైనుకైతే "నీటుగున్నది" అని ఒక మాట దొరికింది, గంతే తేడా.

ఆటల గూడ గంతే. మన దిక్కు గోండుల దండారి పండుగల గుస్సాడీ ఆట చూసినవ్ గదా? డోలు మోగినంక అడుగు ఎటెయ్యాల్నని నిలబడితే వరుస తప్పుతది. మర్లవాయి కనకరాజు గా ఆటను ఎంతమందికో నేర్పిండు, 2021ల పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్ల పోయిండు. నేర్చుకునే కాలమంతా ఆలోచన ఉంటది. ఆడేటప్పుడు కాళ్లే చూసుకుంటయి.

నాకు బాధయ్యేది ఇంకోటున్నది. కొనేటోళ్లు గూడ ఫోన్ల ఫొటో పెట్టి "అచ్చం గిట్లనే కావాలె" అంటరు. నీకూ అంటరు, ఇత్తడి బొమ్మలు పోసేటోళ్లకూ అంటరు. అచ్చం గట్లనే చెయ్యాలంటే చెయ్యి భయపడ్తది, పక్కకు చూసుకుంట పోతది. చేతిపనికి పైసలు ఇచ్చి గా చేతినే కట్టేసుడు ఏం న్యాయం? మిషను మీద వచ్చేది కావాలంటే బజార్ల దొరుకుతది.

కెరమెరి ఘాట్ ఎక్కి జైనూరు దిక్కు పోయేటోళ్లెవరన్న కనబడితే నా మాటగ చెప్పు చెల్లె. ఓజాల దగ్గర బొమ్మ తీస్కునేటప్పుడు ఫొటో చూపెట్టొద్దు. సైజు చెప్పండి, దేనికి కావాల్నో చెప్పండి, బేరం ఆడకుండ పైసలు ఇయ్యండి. మిగిలింది వాళ్ల చేతికి ఇడ్సిపెట్టండి.