ముందు నువ్వేమనుకుంటున్నావో చెప్పు

‘వెచ్చని దుప్పటి’ అంటాం కదా, ఆ వెచ్చదనం దుప్పటిదా, మనదా? మా అమ్మాయి ఏడో తరగతి సైన్సు క్లాసులో ఈమధ్య ఈ చర్చే జరిగింది.

వాళ్ల టీచరు పాఠం చెప్పకముందే ప్రశ్న వేసింది. “ఒక ఐసు ముక్క స్టీలు పళ్లెంలో పెడతాను, ఇంకొకటి ఉన్ని శాలువాలో చుడతాను. ఏది ముందు కరుగుతుంది? ఎందుకో కూడా చీటీ మీద రాయండి, పేరు అక్కర్లేదు.” శాలువా వెచ్చగా ఉంటుంది కాబట్టి అందులోదే అని చాలామంది రాశారు. తీరా చూస్తే పళ్లెంలోది నీళ్లయింది, శాలువాలోది గట్టిగానే ఉంది!

శాలువా సొంతంగా వేడి పుట్టించదు. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, బయటి వేడిని ఐసు దాకా రానివ్వదు. మా మైపాడు వైపు చేపల ఐసు మీద గోనెపట్టా కప్పేది ఇందుకే. రోజూ చూస్తున్నా, ఊహించమని అడిగేదాకా పిల్లలకు ఆ ముడి తట్టలేదు.

వెలుతురు పాఠమూ అంతే. అట్టకు చదరంగా చిన్న కన్నం పెట్టి ఎండలో పడితే, రెండు మూడు మీటర్ల దూరంలో పడే వెలుగు ఏ ఆకారంలో ఉంటుంది? చదరమే అన్నారు. పడింది గుండ్రంగా. అది కన్నం ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. తాటాకు పందిరి కింద రూపాయి బిళ్లల్లా పడే వెలుగులూ అవే. పాక్షిక సూర్యగ్రహణం నాడు అవి నెలవంకలవుతాయి.

ముందు ఊహ, తర్వాత పరిశీలన, ఆపైన వివరణ. ఈ పద్ధతిని రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టన్ 1992లో ఒక పుస్తకంలో వివరించారు. పిల్లల బుర్రలో ముందే ఏముందో తెలిస్తేనే కదా టీచరు దాన్ని సరిదిద్దగలిగేది!

మా పిల్లకు దీనివల్ల ఇంకో మేలు జరిగింది. ఎప్పుడో ఒక ట్యూషన్‌లో తప్పు చెబితే అందరూ నవ్వారని, తెలిసినా నోరు విప్పేది కాదు. మొన్న ఇసుక, సముద్రపు నీళ్ల సంగతి అడిగితే చెయ్యెత్తిందట. “పగలు ఇసుక ముందు వేడెక్కుతుందన్నా, కరెక్టే. రాత్రి కూడా అదే వేడిగా ఉంటుందన్నా, తప్పమా! ఇసుకే ముందు చల్లారుతుంది. అందుకే మధ్యాహ్నం మనకు సముద్రపు గాలి, రాత్రికి గాలి అటు మళ్లేది” అని గబగబా చెప్పింది. ‘తప్పు’ అన్న మాట అంత హుషారుగా అనడం అదే మొదలు.

మీ వంటింట్లోనూ చేసి చూడండి. వేడిపాలలో స్టీలు గరిటె, చెక్క గరిటె ఉంచి, ఏ పిడి ముందు కాలుతుందో అడగండి. పిల్లలు చెప్పేదాకా మాత్రం మీరు జవాబు చెప్పేయకండి.