మా జట్కా గుర్రం, నేనూ, కొన్ని పుస్తకాలూ

ఈ సంవత్సరం సావనీరుకి ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కుర్రాళ్ళు ఇద్దరు మా ఇంటికి వచ్చేరు. "మాస్టారూ, మీ ఉద్యోగం గురించి రాయండి, ఎవరికీ తెలియని ఉద్యోగం కదా" అన్నారు. నిజమే. నలభై ఏళ్ళు పని చేసేనుగాని, నేనేం చేసేవాణ్ణో మా వీధిలో సగం మందికి ఈనాటికీ తెలియదు. "గుర్రాల డాక్టరు" అంటే "రేసులా?" అని అడుగుతారు. కాదంటే నిరుత్సాహపడతారు.

మా అయ్య విజయనగరంలో జట్కా తోలేవాడు. రైలు స్టేషను నుంచి మూడు లాంతర్ల దాకా, గంటస్తంభం దాకా, కోట దాకా. మా గుర్రం పేరు చుక్క. నుదుటి మీద చింతగింజంత తెల్లమచ్చ ఉండేది, అందుకని. దాన్ని కొన్న రోజు నాకు బాగా జ్ఞాపకం. బేరగాడు మూడు గుర్రాలు తెచ్చేడు. అయ్య పళ్ళు చూసేడు, డెక్కలు ఎత్తి చూసేడు, ఆ తరవాత మెడ మీదా, రొమ్ము మీదా, డొక్కల దగ్గరా వేళ్ళు పెట్టి సుడులు వెతికేడు. అందంగా ఉన్న గుర్రాన్ని వదిలేసేడు. "దీని సుడి మంచిది కాదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చాలా ఏళ్ళ తరవాత మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' చూసేను. సంస్కృతంలో శాలిహోత్రం ఉంది కదా, దాని దారిలో తెలుగు పద్యాల్లో గుర్రాల లక్షణాలు చెప్పిన పుస్తకం. అందులో సుడుల గురించి చదువుతూంటే మా అయ్య వేళ్ళు కళ్ళకి కట్టేయి. ఆయనకి అక్షరం ముక్క రాదు. సుడిని బట్టి అదృష్టం ఉంటుందని నేను నమ్మను. కానీ సుడులు వెతికే వంకన ఆయన గుర్రం ఒళ్ళంతా తడిమి చూసేవాడు. వాపు, పుండు, నొప్పి అన్నీ ఆ వేళ్ళకి దొరికేవి. నాకు కాలేజీలో నేర్పిన పరీక్ష కూడా ఇంచుమించు అదే.

1974లో ఇంటర్మీడియట్‌లో చేరేను, బైపీసీ. ఆ రోజుల్లో నాకున్న పెద్ద భయం, కాలేజీ గేటు దగ్గర అయ్య జట్కాతో కనిపిస్తాడేమోనని. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉందిగాని, సావనీరులో అబద్ధం రాయడం మరీ సిగ్గు.

మన లైబ్రరీలో ఇంగ్లీషు నవలల బీరువా అడుగు వరసలో ఒక పాత పుస్తకం దొరికింది. అట్ట మీద నల్ల గుర్రం, నుదుట తెల్లటి చుక్క. 'బ్లాక్ బ్యూటీ'. ఆ చుక్క చూసే తెచ్చుకున్నాను, సాహిత్యాభిలాష చేత కాదు. రాసినావిడ పేరు ఆనా స్యూయెల్. చిన్నతనంలో పడిపోయి కాళ్ళు పాడైతే, బతుకంతా ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రపుబండి మీదే ఆధారపడ్డ మనిషి. రాసిందీ ఒక్కటే నవల. 1877లో అచ్చయింది, మరుసటి సంవత్సరమే ఆవిడ పోయింది. కథంతా గుర్రమే చెబుతుంది. మొదటి పేజీలో, గుర్రాల భాష నుంచి అనువాదం అని వేసుకుంది కూడా.

రాత్రిళ్ళు అయ్య ఉలవలు ఉడకబెడుతూంటే పక్కన కూర్చుని కథ తెలుగులో చెప్పేవాణ్ణి. అయ్య విమర్శకుడు. "గుర్రం ఇన్ని మాటలు సెప్పదురా. అది సెప్పేది సెవులతోటి" అన్నాడు మొదటి రోజే. అందులో జెర్రీ అని లండన్ జట్కావాడు వస్తాడు. మంచివాడు, ఆదివారం బండి కట్టడు. "ఆదివారం బండి కట్టకపోతే సోమారం గంజెవుడు పోత్తాడ్రా ఆడికి?" అన్నాడు. కానీ గొప్పింటివాళ్ళు షోకు కోసం గుర్రం తల పైకి ఎత్తి ఉండేటట్టు పగ్గం బిగించే ఘట్టం చెప్పినప్పుడు మాత్రం చేతిలో గరిటె ఆగిపోయింది. "తల దించనియ్యకపోతే ఎత్తెలాగ ఎక్కుతాదిరా? వంగి కదా లాగాలి. ఆలకి ఏటీ తెల్దేటి?" అన్నాడు కోపంగా. ఆ పుస్తకం రాసినావిడ వాదన కూడా అక్షరాలా అదే.

1976 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. స్టేషను దగ్గర చుక్క కుడి ముందుకాలి డెక్కలో మేకు దిగింది. అయ్య రాత్రి పట్టకారుతో లాగేసి, పసుపు నూరి పెట్టేడు. తెల్లారి నాతో, "కాలేజీకెల్తా పశువులాసుపత్రికెల్లి డాక్టరుబాబుకి సెప్పు. ధనుర్వాతం సూది ఏయించాల. బేగెల్లు" అన్నాడు. నేను బయల్దేరేను. ముందు లైబ్రరీకి వెళ్ళి పుస్తకం గడువు పొడిగించుకుందామని లోపలికి వెళ్ళేను. కొన్ని అధ్యాయాలే మిగిలేయి. బెంచీ మీద కూర్చుని తెరిచేను. జింజర్ అనే గుర్రం అద్దెబళ్ళకి లాగి లాగి చచ్చిపోయే ఘట్టం. నేను ఏడ్చేను. నిజంగా ఏడ్చేను, ఎవరైనా చూస్తారేమోనని కిటికీ వైపు తిరిగి. ఆసుపత్రి సంగతి జ్ఞాపకం వచ్చేసరికి సాయంత్రమయింది. ఇంటికి వెళ్ళి, "డాక్టరు లేరు" అని చెప్పేను.

రేపు వెళ్దామనుకున్నాను. మర్నాడు చుక్క కుంటటం మానేసింది. అయ్య మళ్ళీ అడగలేదు. నేను మరిచిపోయేను.

పన్నెండో రోజు పొద్దున్న అది తొట్టిలో మూతి పెట్టింది గాని నమలలేకపోయింది. చెవులు రెండూ కర్రల్లా నిలబడిపోయేయి. తోక పైకి లేచి ఉంది. చప్పుడయితే చాలు, కంటి మూలనుంచి తెల్లటి పొర కన్నంతా కమ్మేసేది. ఆ పొర గుర్రానికి మూడో రెప్ప. ధనుర్వాతానికి అదే పెద్ద గుర్తని తరవాత పాఠంలో చదువుకున్నాను. నాకు ఆ పాఠం చదవక్కర్లేకపోయింది.

డాక్టరుగారు వచ్చేరు. చూసి, "మేకు దిగిన రోజే సూది వేసి ఉంటే..." అన్నారు. అయ్య చేతులు కట్టుకుని, "ఆ రోజే మా గుంటణ్ణి పంపించేను బాబూ. తమరు నేరంట" అన్నాడు. డాక్టరుగారు నా వైపు చూసేరు. ఎంతసేపు చూసేరో చెప్పలేను. తరవాత అయ్య వైపు తిరిగి, "అవునవును, ఆ రోజు కేంపుకి వెళ్ళేను" అన్నారు.

పాకకి గోనెలు కట్టి చీకటి చేసేం. మూడో రోజు తెల్లవారుజామున చుక్క పోయింది.

అయ్య మరో గుర్రాన్ని కొనలేదు. అప్పు పుట్టలేదు. రిక్షా అద్దెకి తీసుకున్నాడు. గుర్రం లాగిన దారినే, స్టేషను నుంచి కోట దాకా, యాభై ఏళ్ళ వయసులో తనే లాగేడు. వంగి లాగేవాడు.

ఆ డాక్టరుగారే ఏప్రిల్లో నన్ను పిలిపించి, తిరుపతి వెటర్నరీ కాలేజీ అప్లికేషను చేతిలో పెట్టేరు. అబద్ధం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎత్తలేదు.

డిగ్రీ అయ్యేక అందరూ పాడిపశువుల వైపు, కోళ్ళ వైపు వెళ్ళేరు. 1982లో నేను సీరం తయారుచేసే ఒక సంస్థలో, గుర్రపుసాలలో చేరేను. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళకి కూడా ఇది తెలియదు. పాము కరిచిన మనిషికి ఎక్కించే మందు ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి చేసేది కాదు. అది గుర్రం ఒంట్లో తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషాన్నీ మొదట అతి స్వల్పంగా గుర్రానికి ఇస్తారు. వారాల తరబడి, నెలల తరబడి మోతాదు కొద్దికొద్దిగా పెంచుతారు. దాని నెత్తురులో విషానికి విరుగుడు పుడుతుంది. అప్పుడు మెడ నరం నుంచి నెత్తురు తీసి, ప్లాస్మా వేరుచేసి, ఎర్రకణాల్ని తిరిగి ఆ గుర్రానికే ఎక్కించవచ్చు. బరువులో కిలోకి 13 నుంచి 15 మిల్లీలీటర్లకి మించి తీయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే నాలుగువందల కిలోల గుర్రానికి ఐదారు లీటర్లు. తరవాత విశ్రాంతి. విషం కావాలంటే పాములు పట్టేవాళ్ళు కావాలి. మద్రాసు దగ్గర ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం ఆ పని చేస్తోంది.

ధనుర్వాతం సూది కూడా ఇలాగే పుట్టింది. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు దారి చూపించేరు. తరవాత గుర్రాలే దాన్ని ప్రపంచానికి అందించేయి. మా చుక్కకి పడవలసిన సూదిలో ఉండేది ఇంకో గుర్రం నెత్తురే.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుకి పన్నెండు లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఏడాదికి సగటున 58,000. ఎక్కువమంది పల్లెల వాళ్ళే. ఉద్దానం తోటల్లోనూ, నాగావళి ఒడ్డు పొలాల్లోనూ చీకటితో పనికి వెళ్ళేవాళ్ళని ఎరిగినవాళ్ళకి ఆ అంకె కొత్త కాదు. మా సాలలో గుర్రాలకి నంబర్లు ఉండేవి. నేను పేర్లు పెట్టుకునేవాణ్ణి. చుక్క అని మాత్రం దేనికీ పెట్టలేదు.

ఆ ఉద్యోగంలో సాయంత్రాలు ఖాళీ. గుర్రాల పుస్తకాలన్నీ అప్పుడే చదివేను. టాల్‌స్టాయ్ 'ఖోల్‌స్తొమేర్', ఐత్మాతోవ్ 'గుల్సారీ'. 1966లో రాసిన ఆ చిన్న నవలలో ముసలి తానాబాయ్ చావబోతున్న గుర్రం పక్కన రోడ్డు మీద ఆగిపోతాడు. దాన్ని మాత్రం నేను ఒక్కసారే చదివేను. డిక్ ఫ్రాన్సిస్ అని, ఒకప్పుడు ఇంగ్లండు రాజమాత గుర్రాలకి జాకీ, రేసుల మీద డిటెక్టివ్ నవలలు రాసేడు. అవి చదవడం మొదలుపెడితే నిద్ర ఉండదు. ఇవన్నీ ఒక ఎత్తు, తిక్కనగారి విరాటపర్వం ఒక ఎత్తు. అయిదుగురిలోకీ అందగాడు నకులుడు, దామగ్రంథి అని పేరు మార్చుకుని విరాటరాజు గుర్రపుసాలలో పనికి చేరతాడు. హరికథలో అది విని మా అయ్య, "సూసేవా, రాజుగారి కొడుకు కూడా మన పనే సేసేడు" అనేవాడు.

అయ్య ఒకసారి మా సాలకి వచ్చేడు, 1986లో. అరవై గుర్రాలు. వరసలో ఒక్కొక్కదాని దగ్గరా ఆగి మెడ తడిమేడు. సుడులే వెతికేడనుకుంటాను. ఇక్కడ ఏం చేస్తామో చెప్పేను. చాలాసేపు మాట్లాడలేదు. "మన సుక్కకి ఏయించాలనుకున్న సూది ఇదేనేటి?" అన్నాడు. "ఇదే అయ్యా" అన్నాను. అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. ఆయన వంగి ఒక గుర్రం డెక్క ఎత్తి చూస్తున్నాడు. "లాడం వొదులయింది, సూడు" అన్నాడు. నేను లాడం చూసేను. 1994లో అయ్య పోయేడు.

గుర్రాలతో ఉద్యోగాలున్నాయా అని సావనీరు కుర్రాళ్ళు అడిగేరు. ఉన్నాయి. వెటర్నరీ చదవాలంటే ఇప్పుడు తిరుపతి దాకా పోనక్కర్లేదు, మన గరివిడిలోనే కాలేజీ ఉంది. సైన్యంలో రిమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది. హిస్సారులో 1985 నుంచీ గుర్రాల పరిశోధన కేంద్రం ఉంది. మలక్‌పేట రేసుకోర్సుకీ డాక్టర్లు కావాలి. ఇవేవీ వద్దనుకుంటే పాడేరు వైపు కొండెక్కండి. రోడ్డు లేని ఊళ్ళనుంచి పొట్టి గుర్రాలు సంతకి బస్తాలు మోసుకొస్తాయి. వాటికి లాడాలు, పురుగుల మందు, ధనుర్వాతం టీకా ఎవరు చూస్తున్నారో అడగండి. జీతం సంగతి నన్ను అడక్కండి.

చివరగా లైబ్రేరియన్ గారికి ఒక మనవి. 1976లో హాల్ టిక్కెట్టు తీసుకునేటప్పుడు 'బ్లాక్ బ్యూటీ' పోయిందని చెప్పి రెండింతల ధర కట్టేను. పోలేదు. నా దగ్గరే ఉంది. ఆ అట్టని బయట ఎవరూ చూడకూడదనుకున్నాను. ఈ సావనీరు ఆవిష్కరణ రోజున తీసుకొస్తున్నాను. జనవరి ముద్ర ఇంకా చెరగలేదు. ఫైను ఎంతయిందో లెక్క కట్టి ఉంచండి.