బంతి వెంట పరదేశమునకు

మా గుమ్మఘట్ట వానకు మొగము వాచిన చోటు. వేదవతి నదిపై కట్టిన భైరవానితిప్ప జలాశయము మా మండలములోనిదే యైనను, అది నిండుగా నున్న యేండ్లను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. వేరుసెనగ పైరు ఎండినపుడెల్ల మూట గట్టుకొని బెంగుళూరికో బళ్లారికో కూలికి పోవుట మాకు వాడుకయే. కావున ఊరు విడుచుట యను మాట మా యింట నెవరికిని క్రొత్త కాదు. అయినను క్రిందటి వేసవిలో మా ఆడుబిడ్డ కూతురు, పదునేడేండ్ల పిల్ల, "అత్తా, నేను విదేశమునకు పోయి ఫుట్‌బాలు ఆడి బ్రదికెదను" అనినపుడు ఇంటిల్లిపాదియు నిర్ఘాంతపోతిమి.

తల్లిదండ్రులు బెంగుళూరిలో ఇండ్లు కట్టు పనికి పోయిన నాటినుండి ఆ పిల్ల మా యొద్దనే పెరుగుచున్నది. బడి వెనుక రాళ్లేరి బాగు చేసిన బయలులో మగపిల్లలతో గూడి బంతి తన్నుట మొదలిడి, పిదప జిల్లా జట్టులో చోటు సంపాదించినది. మోకాళ్లు పగులగొట్టుకొన్న పిల్లకు సంబంధము లెట్లు వచ్చునని చుట్టములు మమ్ము మందలించిరి. మేము చెవిని బెట్టలేదు. మా జిల్లాలో నిది వింత కాదు. 1969లో అనంతపురమునకు వచ్చి ఇచటనే స్థిరపడిన స్పెయిను దేశీయులు విన్సెంట్ ఫెర్రర్ గారి ఆర్.డి.టి. సంస్థవారి క్రీడాగ్రామమున పల్లెల బాలికలు ఎందరో బంతియాట నేర్చుచున్నారు.

పిల్ల కోరికకు కారణము గోడమీది పటము. అందున్నది గుగులోత్ సౌమ్య. నిజామాబాదు జిల్లాలోని యొక తండాలో పుట్టిన ఈమె 2022లో క్రొయేషియా దేశమునకు పోయి డైనమో జాగ్రెబ్ అను పేరొందిన జట్టులో చేరినది. ఆమెతోడనే మధ్యప్రదేశ్ ఆటగత్తె జ్యోతి చౌహాన్ కూడ చేరినది. అంతకు ముందే 2020లో మణిపూరు ఆడుబిడ్డ బాలాదేవి స్కాట్లండులోని రేంజర్సు జట్టుతో ఒడంబడిక చేసికొన్నది. "తండాలో పుట్టిన అక్క పోగా, గుమ్మఘట్ట పిల్ల యేల పోరాదు?" అని మా మేనకోడలు అడిగినది. మాకు మారుమాట దొరకలేదు.

అట్టి సమయమున ఒక దళారి ఫోను చేసెను. పిల్ల యాటను వీడియోలో చూచితిననియు, యూరపులోని యొక జట్టువారు పరీక్షించి చేర్చుకొందురనియు, వారము దినములలో లక్షన్నర రూపాయలు పంపినచో వీసా మొదలు సమస్తము తానే చూతుననియు చెప్పెను. అతని మాట తేనెవలె నుండెను. పిల్ల తల్లి కడుపు కట్టుకొని చేయించి, దాచుమని మాకిచ్చిన నాలుగు గాజులు పెట్టెలో నుండెను. సిగ్గు విడిచి చెప్పుచున్నాము: మేము ఆ పెట్టె తాళము తీసితిమి. నాలుగక్షరములు నేర్చినవారము, పత్రికలు చదువువారము, మేమే తీసితిమి.

ఆపినది మా అత్తగారు. ఆమెకు వ్రేలిముద్ర తప్ప వ్రాత రాదు. ఆడుపిల్లకు ఆట యేమని ఆమె ఒక్క మాటయు ననలేదు. పీటమీద కూర్చుండి మూడు ప్రశ్న లడిగిరి. "పిల్సినోళ్లు ఎవురు? ఏం రాసిచ్చినారు? జబ్బు చేస్తే ఎవురు చూస్తారు?"

ఈ ప్రశ్నలు ఆమెకు పుస్తకములవలన రాలేదు. ఆమె కూతురును అల్లుడును మొదట బెంగుళూరికి పోయినది ఒక మేస్త్రి నోటిమాట నమ్మియే. ఆరు నెలలు ఇటుకలు మోయించుకొని, అతడు సగము కూలితో సరిపుచ్చెను. అడుగుటకు కాగితము లేదు. ఆ యేడు అల్లునికి జ్వరము వచ్చినపుడు మందుల కిచ్చినవా రెవరును లేరు. బెంగుళూరైన నేమి, యూరపైన నేమి, కాగితము లేని పయనము ఒక్కటియే యని ఆమె యెరుగును.

మరునాడు పిల్లను వెంటబెట్టుకొని రాయదుర్గము, కల్యాణదుర్గముల మీదుగా అనంతపురము పోయి, ఆట నేర్పు ఒక ఉపాధ్యాయినిని కలిసికొంటిమి. ఆమె చెప్పినవి మా సోదరీమణులకు గూడ తెలియవలెను. ప్రపంచ ఫుట్‌బాలును నడుపు ఫీఫా సంస్థ నియమము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని బిడ్డను పరదేశపు జట్టు చేర్చుకొనరాదు. కొన్ని మినహాయింపులు మాత్రము కలవు. అమెరికా బాలురకు బాలికలకు సయితము ఈ కట్టుబాటు కలదు. క్రిస్టియన్ పులిసిక్ అను అమెరికా బాలుడు 2015లో పదునారవ యేట జర్మనీలోని డార్ట్‌మండ్ జట్టుకు ఆడగలుగుటకు, తాతగారి మూలముగా లభించిన క్రొయేషియా పౌరసత్వము తోడైనది. మన పిల్లల కట్టి తాతలు లేరు గదా! ఇక దళారుల మాట: 2023 అక్టోబరు నుండి ఫీఫా అనుమతి పత్రము పొందినవారే ఆ పని చేయవలెను. వారి పేర్ల పట్టికను ఎవరైనను చూచుకొనవచ్చును.

మూడవ ప్రశ్నకు గూడ జవాబు దొరకినది. ఒడంబడికలో జీతము, కాలపరిమితి, బస, గాయమైనచో వైద్యము స్పష్టముగా నుండవలెను. బాలాదేవి ఒడంబడిక పదునెనిమిది నెలలకు మాత్రమే. కావున తరువాతి బ్రదుకును గూర్చియు ముందే తలపవలెను. 2021 నుండి గర్భవతియైన ఆటగత్తెకు కనీసము పదునాలుగు వారముల సెలవును, జీతములో మూడింట రెండు వంతులకు తగ్గకుండ భృతియు నీయవలెనని ఫీఫా నిర్ణయించినది. ఆటను వృత్తిగా ఎంచిన స్త్రీ సంసారమును విడువనక్కరలేదని దీని యర్థము.

మరియొక సంగతి. ముందు పోయిన వారెవరును తిన్నగా విమాన మెక్కలేదు. సౌమ్యయు జ్యోతియు కేరళలోని గోకులం జట్టుకు ఆడి, 2016-17లో మొదలైన భారత మహిళా లీగులో పేరు తెచ్చుకొన్న పిదపనే వారిని విదేశము పిలిచినది. బాలాదేవి మణిపూరు పోలీసు కొలువులో నుండి, దేశపు జట్టుకు ఏండ్ల తరబడి ఆడినది. సౌమ్య తిరిగి వచ్చి ఈస్ట్ బెంగాల్ జట్టుతో 2024-25 లీగును గెలిచినది. పోవుటయే గాక తిరిగి వచ్చి నిలుచుటయు విజయమే.

ఇంటికి వచ్చి దళారిని అనుమతి పత్రము సంఖ్యయు, ఆ జట్టు స్వయముగా వ్రాసిన ఉత్తరమును అడిగితిమి. రేపు పంపెదననెను. ఆ రేపు నేటివరకు రాలేదు. పిల్ల మూడు దినములు అన్నము సరిగా తినలేదు. నాలుగవ నాడు తెల్లవారకమునుపే బంతి చప్పుడు వినవచ్చెను.

ఇపుడామె ఇంటరు చదువుచు, రాష్ట్రపు జట్టు ఎంపికకు సిద్ధపడుచున్నది. ఆంగ్లములో ఒడంబడికను తానే చదువుకొనగలుగవలెనని పట్టుపట్టి నేర్చుకొనుచున్నది. గాజులు పెట్టెలోనే యున్నవి.

సోదరీమణులారా, మీ యింటి పిల్ల దూరదేశపు కోరిక చెప్పినపుడు "ఆడుపిల్ల వేమిటే" యని నోరు మూయింపకుడు. ముద్దుతో పెట్టె తాళమును తీయకుడు. మా అత్తగారి మూడు ప్రశ్నలు అడుగుడు. జవాబులు కాగితముమీద నున్నచో, వాకిటివరకు పోయి సాగనంపుడు.