ఏ యూనిట్‌లో పెడదాం?

ఎం.ఏ.లో అమెరికన్ సాహిత్యం చెప్పేవాళ్ళం పర్యావరణం అనగానే 1854 నాటి థోరో ‘వాల్డెన్’ అందుకుంటాం. దానికి నాలుగేళ్ళ ముందే సూసన్ ఫెనిమోర్ కూపర్ తన ఊళ్ళో ఋతువులు మారే తీరు రాసిన ‘రూరల్ అవర్స్’ అచ్చయింది. రచయిత పేరుండాల్సిన చోట ‘ఒక మహిళ’ అని మాత్రమే వేశారు. మగవాడు అడవికెళ్తే తత్త్వం, ఆడమనిషి ఊరి చుట్టూ తిరిగి రాస్తే కాలక్షేపమా? ఈ లెక్క నాకెప్పుడూ మింగుడుపడలేదు.

నేను పట్టుబట్టి చెప్పేది టెర్రీ టెంపెస్ట్ విలియమ్స్ ‘రెఫ్యూజ్’ (1991). యూటాలో గ్రేట్ సాల్ట్ లేక్ పొంగి పక్షుల ఆశ్రయం మునిగిపోతుంటే, ఇంట్లో తల్లి కేన్సర్‌తో తీసుకుంటోంది. “వాళ్ళమ్మ కథ కదా మేడమ్, పర్యావరణం ఎక్కడుంది?” అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అధ్యాయాల తలకట్లు చూడమంటాను. ఒక్కోదానికి ఒక్కో పక్షి పేరు, దాని కింద ఆనాటి సరస్సు నీటిమట్టం.

అసలు పాఠం చివరి వ్యాసంలో ఉంది. ఎడారి రాత్రిలో పెద్ద వెలుగు ఒకటి ఆమెకు ఏళ్ళ తరబడి కలలో వచ్చేది. తల్లి పోయాక తండ్రితో చెబితే, అది కల కాదన్నాడు. 1957లో కారులో, తల్లి ఒడిలో కూర్చుని ఆమె చూసింది నెవాడా అణుపరీక్షను. 1951 నుంచి 1962 దాకా అక్కడ ఆరుబయటే బాంబులు పేల్చారు. ఆ ధూళి గాలివాటున యూటా మీద పడింది. ప్రమాదమేమీ లేదని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ, ఆరుగురు పిన్నులూ మేనత్తలూ రొమ్ములు తీయించుకున్నారు. వ్యాసం రాసేనాటికి ఏడుగురు పోయారు. ఆ ధూళే కారణమని నిరూపించలేననీ, కాదనీ నిరూపించలేననీ ఆవిడే రాసింది. బాధితులు వేసిన దావాలో 1984లో కొందరికి అనుకూలంగా తీర్పు వచ్చినా పైకోర్టు కొట్టేసింది. పరిహార చట్టం 1990లో గానీ రాలేదు.

ఇక్కడ ఆగి రేచెల్ కార్సన్ సంగతి చెబుతాను. ‘సైలెంట్ స్ప్రింగ్’ (1962) రాసేటప్పుడే ఆవిడకు రొమ్ము కేన్సర్. తెలిస్తే పురుగుమందుల కంపెనీలు సొంత పగతో రాసిందంటాయని దాచిపెట్టింది. 1964లో కన్నుమూసింది. ఆవిడ నోరు విప్పలేని సంగతినే విలియమ్స్ సాక్ష్యంగా నిలబెట్టింది.

సిలబస్ మార్చే బోర్డు పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ‘రెఫ్యూజ్’ని ఆత్మకథల కిందకి నెట్టకండి, పర్యావరణం యూనిట్‌లోనే ఉంచండి. పరీక్షలో ప్రశ్న కూడా అక్కణ్ణుంచే ఇవ్వండి. లేకపోతే పిల్లలు చదవరు.