ఆరు కోణాల నక్షత్రం

నాలుగో తరగతి పిల్లలకు మతాల గుర్తులు నేర్పడమంటే, బోర్డు మీద శిలువ, నెలవంక, ధర్మచక్రం గీసి కింద పేర్లు రాయించడమే అనుకునేదాన్ని. కోల్‌కతా వచ్చాక ఆ పద్ధతి మానేశాను.

బ్రబోర్న్ రోడ్డు పక్కన మాగెన్ డేవిడ్ ప్రార్థనాలయం ఉంది. 1884లో యూదులు కట్టుకున్నది. పేరుకు దావీదు డాలు అని అర్థం. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే, ఆరు కోణాల నక్షత్రం చూడగానే ఒక పాప నా కొంగు పట్టుకుంది. "టీచర్, మా అమ్మమ్మ పూజగదిలో యంత్రం మీదా ఇదే ఉంది!" నిజమే. పైకి చూసే త్రిభుజం ఒకటి, కిందికి చూసేది ఒకటి. అక్కడ డాలు, ఇక్కడ శివశక్తులు. నేల మీదే కూర్చుని ఇద్దరం వేలితో గీసుకున్నాం. నా ఉద్యోగంలో అంత మంచి పాఠం మరొకటి జరగలేదు.

ఆ ప్రార్థనాలయాన్ని ఏళ్లుగా కనిపెట్టుకుని ఉన్నది ముస్లింలు. పార్క్ స్ట్రీట్‌లోని యూదు బాలికల బడిలో చదివేదీ ఎక్కువగా ముస్లిం అమ్మాయిలే. ఈ సంగతి విని పిల్లలు ఆశ్చర్యపోలేదు, పెద్దలే ఆశ్చర్యపోతారు. ప్రార్థనాలయానికి దగ్గర్లోనే 1724 నాటి ఆర్మేనియన్ చర్చి కూడా ఉంది.

కోల్‌కతాలోని తెలుగు అమ్మానాన్నలూ, ఒక ఉదయం పిల్లల్ని అటు తీసుకెళ్లండి. శనివారం మాత్రం వద్దు, అది యూదుల విశ్రాంతి దినం.